కువైట్ జెండా కింద ఉగ్గాని

సెమిస్టర్ అంటే ఏమిటో చిన్నక్కకు విడమరిచి చెప్పినవాడు, కువైట్‌లో ఆమె పనిచేసే ఇంటి డ్రైవర్ ఖాసిం వలి.

"పంట మాదిరి అనుకో చిన్నక్కా. ఏడాదికి రెండు. ముంగారు పంటొకటి, హింగారు పంటొకటి. మన మునీరా పాప ఈ ముంగారు పంట కొరియాలో ఏస్తాది. కోత కాంగానే ఇంటికొస్తాది."

"కొరియాలో వానలు పడతాయా?"

"వానలేంది, మంచే పడతాదంట."

"అయితే పండుతాదిలే" అంది చిన్నక్క. రాయచోటి పక్క పల్లెలో పుట్టిన మనిషికి వాన పడుతుందన్న తర్వాత ఇంక అడగడానికి సందేహాలు ఉండవు.

అసలు సందేహం వాన గురించి కాదు, మునీరా గురించి. ఆ పిల్ల దోగాడే వయసులో ఉండగా చిన్నక్క ఆ ఇంట్లో కాలు పెట్టింది. అక్కడ ఉండటానికి సర్కారిచ్చే ఇఖామా కార్డు మీద ఇంటి పనిమనిషి అని రాసుంటుంది గానీ, ఆమె చేసిన పనల్లా మునీరాయే. నీళ్ళు పోయడం, జడ వేయడం, బడికి తోలడం, వచ్చాక బూట్లు విప్పడం. మూడేళ్ళప్పుడు మునీరా ఇంటికొచ్చిన పెద్దమనిషి ఒకాయనతో వేలు చూపించి "గమ్మునుండు!" అంది. ఆయన తనకేదో దీవెన అందిందనుకుని బుగ్గ గిల్లాడు. అట్లా పెరిగిన పిల్ల. ఇరవయ్యేళ్ళొచ్చినా గ్లాసులో నీళ్ళు ఒంపుకోవడం రాదు. ఇప్పుడు ఒక్కతే విమానమెక్కి, ఎవరూ తెలియని దేశంలో, యూనివర్సిటీ హాస్టల్లో ఉంటానంటోంది. ఫోన్లో ఆ దేశపు సీరియళ్ళు చూసి చూసి పుట్టిన కోరిక అది.

బాబా, అంటే మునీరా తండ్రి, వద్దన్నాడు. బాబాకు అక్కగారు ఒకావిడ ఉంది, ఉమ్ జాసిం. ఆవిడ వద్దని ఊరుకోలేదు. "వారం తిరక్కుండా ఏడుస్తూ వచ్చేస్తుంది. వాళ్ళమ్మ బ్యాంకులో కూర్చుని పెంచిన పిల్ల కదా" అంది.

ఆ మాటతో మామా సంతకం పెట్టేసింది. మామా అంటే ఇంటావిడ, మునీరా తల్లి. సిటీలో బ్యాంకు అధికారి. ఆడబిడ్డ కుదరదన్నది ఏదైనా సరే, కుదిరి తీరాలని ఆవిడ పంతం. విమానాశ్రయంలో కూతురికి ఒకటే చెప్పింది: "పరువు తక్కువ పని ఒక్కటి జరిగిందా, తర్వాతి విమానంలో ఇంట్లో ఉంటావు." తర్వాత పక్కనే ముక్కు చీదుకుంటున్న చిన్నక్క వైపు తిరిగింది. "దీన్ని పెంచింది నువ్వు. ఏం తేడా వచ్చినా నిన్నే అడుగుతాను."

చిన్నక్క తలూపింది. కానీ ఆమె గుండెలో ఒక తేడా పదిహేనేళ్ళుగా దాక్కుని ఉందన్న సంగతి అప్పటికి ఆమెకే గుర్తు లేదు.

దాన్ని ఇప్పుడే చెప్పుకోవడం మంచిది.

ఆ ఇంట్లో మామా పెట్టిన నియమం ఒకటుంది. పిల్ల తిండి బల్ల దగ్గరే, అందరూ తినేదే. వంటింట్లో పనివాళ్ళు వండుకునేది పిల్ల నోట్లో పడకూడదు. చిన్నక్కకంటే ముందున్న ఆయా ఏదో తన దేశపు సూపు తాగించి, సాయంత్రానికల్లా "ఖలాస్" అనిపించుకుని పెట్టె సర్దుకుంది. చిన్నక్క వచ్చిందే ఆ ఖాళీలోకి. కాబట్టి నియమం ఆమెకు బాగా తెలుసు.

అయితే మధ్యాహ్నం పనులు తెమిలాక ఆమె ఫ్రిజ్జుకూ పిండి డబ్బాకూ నడుమ పీట వేసుకుని తన తిండి తాను తినేది. వారంలో నాలుగు రోజులు ఉగ్గానే. ఖాసిం వలి ఫహాహీల్ అంగడి నుంచి బొరుగులు తెచ్చిపెట్టేవాడు. వాటిని నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ఎర్రగడ్డలూ పచ్చిమిరపకాయలూ పసుపూ వేసిన తిరగవాతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లితే ఆ వంటిల్లు కాసేపు రాయచోటి అయిపోయేది. ఒకరోజు బడి నుంచి వచ్చిన అయిదేళ్ళ మునీరా వాసన పట్టుకుని వచ్చి, పీట ముందర నోరు తెరిచి నిలబడింది. నోరు తెరిచిన పిల్లకు పెట్టకుండా తినడం చిన్నక్క పుట్టిన వైపు ఎవరికీ చేతకాదు. పెట్టింది. పిల్ల మళ్ళీ తెరిచింది. మళ్ళీ పెట్టింది.

"ఇదేంటి?" అనడిగింది మునీరా.

మామా చెవిన పడితే ఖలాస్. చిన్నక్క బుర్ర గిర్రున తిరిగింది. బాబా వాళ్ళమ్మ, అంటే మునీరా నాయనమ్మ, అరబీలో జిద్దా, ఆ ముందటేడే పోయింది. "ఇది మీ జిద్దా వంట తల్లీ. పాతకాలం కువైట్ వంట. మామా ముందర అనగాకు, జిద్దా గుర్తొచ్చి ఏడుస్తాది" అంది తనకొచ్చిన వంటింటి అరబీలో.

అత్తగారిని తలుచుకుని మామా ఏడవడమనేది కువైట్‌లో వరద రావడం లాంటిది. ఆ సంగతి ఇంట్లో పిల్లులకు కూడా తెలుసు. కానీ అయిదేళ్ళ పిల్లకు తెలియదు. గుట్టుగా తలూపింది. ఆ రోజు నుంచి బడి వదలగానే ఫ్రిజ్జు సందులో జిద్దా వంట. ఒక గిన్నెడు ఉగ్గాని గట్టెక్కించడానికి ఆడిన అబద్ధం పిల్లతో పాటే పెరిగి పెద్దదైంది. చిన్నక్క మటుకు దాన్ని ఆ సాయంత్రమే మరిచిపోయింది.

కొరియాలో మునీరా మొదటి వారం గడిచింది. ఏడుస్తూనే గడిచింది గానీ, ఏడ్చింది ఫోన్లో చిన్నక్క దగ్గర. ఉమ్ జాసిం దాకా ఆ ఏడుపు రాలేదు. కువైట్‌లో మధ్యాహ్నమైతే అక్కడ సాయంత్రం. చిన్నక్క గిన్నెలు కడుగుతూ ఫోనును పంచదార డబ్బాకు ఆనించి పెట్టుకునేది. అవతల చిన్న గదిలో, వెచ్చటి నేల మీద, కాళ్ళు చాపుకుని మునీరా.

"చిన్నక్కా, నా తెల్లబట్టలన్నీ గులాబీ రంగైపోయాయి."

"ఎర్ర గుడ్డ కలిపి ఏసినావా తల్లీ?"

"కలపకూడదా?"

బట్టల తర్వాత చెత్త. ఆ దేశంలో చెత్తను కులగోత్రాలు చూసి వేరు చేయాలట. కాగితానికి ఒక తొట్టి, సీసాకు ఒకటి, ప్లాస్టిక్‌కు ఒకటి, తిండి మిగిలితే దానికి ఇంకొకటి. పుట్టి బుద్ధెరిగాక చేతిలోని కాగితాన్ని కింద వదిలేస్తే అది మాయమైపోతుందని నమ్మిన పిల్ల మునీరా. మాయం చేసేది చిన్నక్క. హాస్టల్ కావలి తాత ఒకాయన మునీరా పారేసిన సంచీని తిరిగి మోసుకొచ్చి, గది తలుపు కొట్టి, అందులోని గుడ్డు పెంకులు పైకి తీసి చూపించి ఉపన్యాసం ఇచ్చాడట.

"ఏమన్నాడు?"

"నాకేం అర్థమవుతుంది! నువ్వు తిట్టినట్టే ఉంది."

"అయితే మంచోడే" అని చిన్నక్క తేల్చింది.

అట్లా గిన్నెల దగ్గర నుంచే ఆమె కొరియాలో సెమిస్టర్ చదివింది. పొద్దున్నే లేవడం, దుప్పటి మడవడం, అన్నం వండే కుక్కర్లో నీళ్ళు వేలుతో కొలవడం, పెద్దవాళ్ళు కనబడితే నడుం వంచడం, గొంతు పట్టేస్తే పాలల్లో పసుపు. ఆ పసుపు కూడా చిన్నక్కే పెట్టెలో ఒక పొట్లం దోపి పంపింది. పెట్టె సర్దేటప్పుడు ఆ పొట్లం తన కొంప ముంచుతుందని ఆమెకెట్లా తెలుస్తుంది?

చలి మొదలైంది. అక్కడి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థులందరూ తమ తమ దేశాల వంట చేసి, జెండా కట్టిన బల్ల మీద పెట్టి అందరికీ రుచి చూపించే పండగ ఒకటి వచ్చింది. కువైట్ నుంచి మునీరా ఒక్కతే. మామా బ్యాంకు నుంచే ఫోన్లో మచ్బూస్ ఎట్లా వండాలో పాఠం చెప్పింది: మసాలాలు, మాంసం, పొడుగు బియ్యం. చెప్పి ఊరుకోలేదు. శుక్రవారం కబ్ద్‌లో ఉన్న తమ ఎడారి తోటలో చుట్టాలందరి ముందర, పెద్ద తెర మీద, మునీరా బల్లను నేరుగా చూపిస్తానని ఉమ్ జాసింకు కబురు పెట్టింది. ఏడుస్తూ వస్తుందన్నావు కదా, దేశం పేరు నిలబెడుతోంది చూసుకో అని దాని అర్థం.

గురువారం మధ్యాహ్నం పంచదార డబ్బా మీద మునీరా ముఖం ప్రత్యక్షమైంది.

"చిన్నక్కా, మచ్బూస్ మాడిపోయింది. హాస్టలంతా గంటలు మోగాయి. కావలి తాత వచ్చి పొయ్యి పట్టుకుపోయాడు."

"అయ్యో తల్లీ! ఇప్పుడెట్ల?"

"కంగారు పడకు. పెద్ద పొయ్యి అక్కర్లేకుండా అన్నం కుక్కర్లోనే అయ్యే వంట ఒకటి ఉందిగా. ఇక్కడ సంతలో ఒక తాత బియ్యాన్ని డబ్బాలో పోసి ఢామ్మని పేలుస్తాడు, అచ్చం మన బొరుగులే! పసుపు నువ్విచ్చిందే ఉంది. రేపు నేను చేసేది జిద్దా వంట. మామాకు ముందే చెప్పకు. ఇప్పుడు పెద్దదాన్నయ్యాను కదా, జిద్దా గుర్తొచ్చి మామా ఏడ్చినా ఫరవాలేదు."

ఫోను ఆగిపోయింది. చిన్నక్క చేతిలోని పళ్ళెం తొట్టిలో జారి పడింది. పదిహేనేళ్ళ కిందట మరిచిపోయిన మాట ఇప్పుడు కాళ్ళూ చేతులూ వచ్చి ఎదురుగా నిలబడింది.

మళ్ళీ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. బొరుగుల కోసం సంతకు పోయినట్టుంది. చిన్నక్క చేతులు కూడా తుడుచుకోకుండా కారు దగ్గరికి పరుగెత్తింది.

"కాసీమూ, నా పని అయిపోయింది అబ్బీ!" అంతా చెప్పింది.

ఖాసిం వలి కారు తుడవడం ఆపాడు. "అంటే రేపు పొద్దున, జిద్దా కన్న కూతురు ఉమ్ జాసిం ముందర, కువైట్ జెండా కింద, మన ఉగ్గాని ఉంటాది."

"నవ్వాకు!"

"నవ్వుతాండానా? భయపడతాండా. బొరుగులు తెచ్చిచ్చినోన్ని నేనే గదా!"

"ఏదైనా దారి చెప్పు."

అతను చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒకటే దారి. తెర మీద ఉగ్గాని కనపడంగానే నువ్వు మూర్ఛ పో. అందరూ నీళ్ళు, గాలి అని నీ మీద పడతారు. అంతలోపల అది అయిపోతాది."

"నాకు మూర్ఛ పోవడం రాదే."

"మెల్లగా కూలబడినట్టు పో. దెబ్బ తగలకుండా తివాచీ ఉండే తావు చూసుకో."

శుక్రవారం కబ్ద్‌లో ఎండ మెత్తగా ఉంది. ఎడారిలో ఆ కుటుంబానికి ఒక తోట ఉంది, మేకలున్నాయి, చలికాలం రాగానే వేసే పెద్ద గుడారం ఉంది. గుడారంలో గోడవారగా మెత్తలు, మధ్యలో తివాచీలు, ఎదురుగా తెర. ఉమ్ జాసిం మెత్తలన్నింటిలోకీ ఎత్తయిన దానిమీద కూర్చుని, తీర్పు చెప్పడానికి వచ్చినట్టు టీ తాగుతోంది. బాబా, ఆయన తమ్ముళ్ళిద్దరూ ఖర్జూరాలు నములుతున్నారు. మామా కొత్త బట్టల్లో నిటారుగా ఉంది. చిన్నక్క టీ పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ, కింద తివాచీ ఎక్కడ దళసరిగా ఉందో కాలితో నొక్కి నొక్కి చూసుకుంటోంది. గుడారం తలుపు దగ్గర ఖాసిం వలి.

తెర వెలిగింది. కువైట్ జెండా. దాని కింద పాతకాలపు జరీ దుస్తుల్లో మునీరా. ముందర పెద్ద గిన్నెలో, మిలమిలా మెరిసిపోతూ, పచ్చగా, ఉగ్గాని. చుట్టూ మూగిన జనం. కావలి తాత కూడా గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాడు. పొయ్యి పట్టుకుపోయిన పాపం కడుక్కుంటున్నాడు గావును.

"ఇది మా జిద్దా వంట" అంది మునీరా అరబీలో, వీళ్ళకోసం. "పాతకాలంలో ముత్యాల కోసం పడవలెక్కి వెళ్ళేవాళ్ళు, బరువు లేకుండా బస్తాల్లో ఈ పేలాలే తీసుకుపోయేవాళ్ళు. సముద్రంలో నానబెట్టుకుని తినేవాళ్ళు."

పడవల సంగతి చిన్నక్క ఎన్నడూ చెప్పలేదు! పిల్ల తన వంతు తానూ కలిపింది.

గుడారంలో ఖర్జూరాలు నమలడం ఆగింది. తలుపు దగ్గర ఖాసిం వలి రెండు చేతులూ కిందికి దించుతూ సైగ చేస్తున్నాడు: పడిపో, పడిపో! చిన్నక్క కళ్ళు మూసింది. ఒక మోకాలు వంచింది. చేతిలో మాత్రం కాగే టీ ఉంది. పడితే ఉమ్ జాసిం మీద పడుతుంది. వంచిన మోకాలు అట్లాగే ఉండిపోయింది.

"నా తల్లి వంటా?" అంది ఉమ్ జాసిం. గొంతు నెమ్మదిగా ఉంది, అదే భయం. "నా తల్లి ఈ పచ్చటిది ఎప్పుడు చేసింది?"

మామా తెర వైపు చూసింది. గిన్నె వైపు చూసింది. ఆ చూపు మెల్లగా తిరిగి, వంగిన చిన్నక్క మోకాలి దగ్గర ఆగింది. తర్వాత ఆడబిడ్డ వైపు తిరిగి, బ్యాంకులో ఖాతాదారుతో మాట్లాడినంత మర్యాదగా అంది:

"అదేమిటి, మీకు గుర్తు లేదా?"

ఉమ్ జాసిం టీ గ్లాసు కింద పెట్టింది. పెద్దకూతురికి కన్నతల్లి వంట గుర్తు లేదని, అదీ కోడలికి గుర్తుండగా, ఎట్లా ఒప్పుకుంటుంది?

"గుర్తు లేకేం!" అంది. "ఎందుకు గుర్తుండదు? అమ్మ... చలికాలం చేసేది."

"అవునవును, చలికాలమే" అన్నాడు బాబా పెద్ద తమ్ముడు.

"చేపతో తినేవాళ్ళం" అన్నాడు చిన్న తమ్ముడు. జిద్దా నలభయ్యేళ్ళ వయసులో కన్న కడపటి కొడుకు అతను. ముత్యాల పడవను బొమ్మలో తప్ప చూడలేదు.

బాబా అయితే కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ వాసన ఇప్పుడు కూడా నా ముక్కుకు తగులుతోంది" అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే. పదిహేనేళ్ళుగా వాళ్ళింట్లో ఆ వాసన వస్తూనే ఉంది.

తెర మీద కొరియా పంతులుగారు ఒకాయన రెండోసారి గిన్నె చాపాడు. బొరుగులు పేల్చే తాత కూడా వచ్చి, తన సరుకుకు పట్టిన యోగం చూసుకుని బొటనవేలు పైకెత్తాడు. గుడారమంతా చప్పట్లు. ఉమ్ జాసిం అందరికంటే గట్టిగా కొట్టింది.

చిన్నక్క తోట వంటింట్లోకి పోయి కూలబడింది. ఇప్పుడు నిజంగానే కూలబడింది, చూసేవాళ్ళు లేరు. ఫోను తీసి మునీరాకు చేసింది.

"తల్లీ, అది జిద్దా వంట కాదు. మా ఊరి ఉగ్గాని. ఆ పొద్దు మీ అమ్మకు దొరక్కుండా నేనే అబద్ధం చెప్పినా."

అవతల గలగలమని నవ్వు, ఆ తర్వాత అచ్చు రాయచోటి యాసలో రెండే ముక్కలు:

"గమ్మునుండు చిన్నక్కా!"

ఫోను దించి తల ఎత్తేసరికి తలుపులో మామా.

"మామా..." చిన్నక్క లేచి నిలబడింది. "ఖలాసా?"

మామా లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. "నాకు ముక్కు లేదనుకున్నావా? పిల్ల బడి బట్టలన్నీ ఎర్రగడ్డ వాసన. నేను బ్యాంకు నుంచి వచ్చి మెట్లెక్కేటప్పటికి అది నా గది దాకా వచ్చేది. పొద్దుట్నుంచీ అంకెలు చూసి, ఆకలేసి వచ్చేదాన్ని."

"తప్పైపోయింది మామా. నియమం తెలిసీ పెట్టినా."

"నియమం పిల్లకు పెట్టాను" అంది మామా. "నాకు పెట్టుకోలేదు. పదిహేనేళ్ళలో ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, 'మామా, నువ్వు కూడా తింటావా' అని అడిగావా?"

ఈ తప్పుకు ఏ శిక్ష ఉంటుందో చిన్నక్కకు తెలియదు.

శిక్ష మరుసటి శుక్రవారమే పడింది. తన తల్లి వంట ప్రతి శుక్రవారమూ కబ్ద్‌లో ఉండాలనీ, పనిమనిషికి అది నేర్పించాలనీ ఉమ్ జాసిం హుకుం వేసింది. ఎవరు నేర్పాలి? తెర మీద కొరియా నుంచి మునీరా. ఎవరు నేర్చుకోవాలి? చిన్నక్క.

ఆమె పీట వేసుకుని, రాయచోటిలో పాలు మరిచిన నాటి నుంచీ పిండుతున్న బొరుగుల్ని, మొదటిసారి చూసినట్టు బెదురుగా పట్టుకుంది.

"అట్లా కాదు చిన్నక్కా, గట్టిగా పిండు!" అంటోంది మునీరా నవ్వు ఆపుకుంటూ.

తలుపు దగ్గర ఖాసిం వలి దగ్గు వచ్చినట్టు నటించి బయటికి పోయాడు.

ఉమ్ జాసిం గరిటె అంచుతో రుచి చూసింది. కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. "పరవాలేదు. కానీ పసుపు ఎక్కువైంది. మా అమ్మ ఇంత వేసేది కాదు."

చిన్నక్క తల వంచుకుంది. "ఈసారి తగ్గిస్తా."

"తగ్గించకు" అని వెనక నుంచి వినబడింది. మామా. చేతిలో ఖాళీ గిన్నె. అప్పటికది రెండోది. "మా అత్తగారు ఇంతే వేసేవారు. నాకు బాగా గుర్తు."